స్విచ్చి మీద బొటనవేలు

వ్యాను వీధి మొదట్లో ఉండగానే ఆ గొంతు ఎవరిదో మైకు గుర్తుపట్టేశాడు.

"ప్రజలకు విజ్ఞప్తి. పై ఆనకట్ట తెగింది. సాయంత్రంలోగా వరద ఊరిని ముంచేస్తుంది. అందరూ ఇళ్ళు ఖాళీ చేసి కొండ మీది క్వారీకి చేరుకోవాలని కోరుతున్నాం."

మైకు అసలు పేరు ఆ బిల్డింగులో ఎవరికీ గుర్తులేదు. ఎన్నికలకీ, సర్కస్‌లకీ, కొత్త దుకాణాలకీ, తప్పిపోయిన పిల్లలకీ ఏళ్ళ తరబడి అతని గొంతే ఊళ్ళో తిరిగింది. వరస భూకంపాలతో దేశమంతటా కరెంటూ ఫోన్లూ పోయాక ఆ గొంతు ఇంట్లో కూర్చుంది.

"అన్నయ్య!" అంది అతని భార్య, చేతిలో చెంచా అలాగే పట్టుకుని. "బతికే ఉన్నాడండీ!"

"బతికి ఏం చేస్తున్నాడో కూడా విను," అన్నాడు మైకు బాల్కనీ తలుపు ఓరగా మూస్తూ. "దొంగలకి గొంతు అద్దెకిస్తున్నాడు."

అతని అనుమానం ఊరికే పుట్టలేదు. మొన్న వెనక వీధికి ఖాకీ బట్టల్లో కొందరు వచ్చి గ్యాసు లీకవుతోంది, బయటికి రండి అని అరిచారు. జనం పిల్లల్ని చంకనేసుకుని పార్కుకి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి బియ్యం డబ్బాల నుంచి దుప్పట్ల దాకా ఏమీ మిగల్లేదు. అడ్డుపడిన ముసలాయన్ని మెట్ల మీంచి తోసేశారు. ఫిర్యాదు చేద్దామని వెళితే పోలీస్ స్టేషనుకి తాళం వేసి ఉంది. ఆ తాళం వేసి పారిపోయింది పోలీసులే.

అప్పటి నుంచి బిల్డింగు గేటు మీద డ్రిల్లు మాస్టరు పెత్తనం. స్కూల్లో పిల్లల్ని పరిగెత్తించినవాడు ఇప్పుడు పెద్దల్ని పరిగెత్తిస్తున్నాడు. స్కూటర్లు, బీరువాలు, ఎవరిదో డ్రెస్సింగ్ టేబులు గేటుకి అడ్డంగా పేర్పించి, గేటు తాళంచెవి ఈల తాడుకి కట్టి మెడలో వేసుకున్నాడు. లోపల కూడా ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. వంట చేసేటప్పుడు కిటికీలు మూసుకుంటున్నారు. పోపు వాసన వస్తే పక్కింటివాళ్ళు మెట్ల మీదికొచ్చి ముక్కు ఎగబీలుస్తున్నారు. పై అంతస్తు పళ్ళ డాక్టరు రోజూ "ఉప్పుందాండీ?" అంటూ వచ్చి, అడిగింది ఉప్పే అయినా కళ్ళతో వంటిల్లంతా వెతికి వెళుతున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది లోపలి గదిలోంచి అక్క. "నిజమా, అబద్ధమా? అదొక్కటి చెప్పు."

మొదటి భూకంపంలో అక్క బీరువా కింద పడింది. తుంటి ఎముక విరిగింది. మంచం దిగలేదు. మైకు గుండెల మీద బరువంతా ఆ మంచానిదే. వరద అబద్ధమైతే, ఆమెని మోసుకుంటూ వీధిలోకి దిగిన క్షణంలో ఆ ఖాకీవాళ్ళు మీద పడతారు. వరద నిజమైతే ఇల్లు వదలక తప్పదు. కింద రెండు స్తంభాలు ఇప్పటికే నిలువునా పగిలి ఉన్నాయి. నీళ్ళు తగిలితే బిల్డింగు నిలబడదు. ఎటు తప్పు లెక్కేసినా పోయేది ముందు అక్కే.

"అబద్ధం," అన్నాడు మైకు. "చెబుతున్నది క్యాసెట్ గాడు."

ఆ పేరు పెట్టింది మైకే. బావమరిదీ తనూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఊళ్ళో మొదటి మైకుసెట్టు ఆయనదే. అందరూ పెద్దాయన అనేవారు. తర్వాత ఇద్దరూ కలిసి సొంతంగా మైకుసెట్టు పెట్టారు. మైకుకి జ్వరమొచ్చి పడుకున్న వారంలో బావమరిది అంతకుముందే క్యాసెట్టులో పట్టిన అతని గొంతుని పక్క ఊళ్ళలో తిప్పాడు. లేచి పనికి వెళితే, "మీ గొంతు మా దగ్గరుందిగా, మళ్ళీ మీరెందుకు?" అన్నారు అక్కడివాళ్ళు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఈలోగా డ్రిల్లు మాస్టరు, పళ్ళ డాక్టరు గుమ్మంలోకి వచ్చారు. వెనక మెట్ల నిండా జనం.

"ఏమయ్యా మైకూ, ఇది మీ బాపతు పనేగా. ఏమంటావు?"

"నమ్మొద్దు మాస్టారూ. ఆ మనిషి చావు కబురు చెప్పినా చివర్లో తన మైకుసెట్టు పేరు చెప్పకుండా ఉండడు. ఈ రోజు చెప్పలేదు. ఎందుకంటారు?"

"పట్టుబడతానని," అన్నాడు డాక్టరు.

"అంతే."

మాస్టరు ఈల ఊదాడు. "విన్నారుగా! ఎవరూ కదలొద్దు. గేటు తీసేది లేదు."

జనం వెళ్ళాక భార్య చెంచాని గిన్నెలో విసిరికొట్టింది. "నా అన్నని నలుగురిలో దొంగని చేశారు. మీ గొంతు ఎత్తుకుపోయాడు సరే, జనం కొంపలు కూడా ఎత్తుకుపోతాడా?"

"గొంతు ఎత్తుకుపోయినవాడికి కొంప ఒక లెక్కా?"

"మీకు అనుమానం కాదండీ, పాత కోపం. అది మాట్లాడుతోంది."

మైకు వెళ్ళి బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

కాసేపటికి వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి వేగంగా వచ్చింది. మైకు తలుపు సందులోంచి చూశాడు. అద్దాలకి దుమ్ము కొట్టుకుపోయి లోపల ఎవరున్నదీ తెలియడం లేదు.

"...క్వారీకి చేరుకోండి. ఇదే చివరి ప్రకటన."

అక్కడ స్విచ్చి టక్కుమని పడి శబ్దం ఆగాలి. ఆగలేదు. లౌడ్‌స్పీకరులోంచి ఇంజను చప్పుడు, దానితోపాటు ఒక ముసలావిడ ఏడుపు వీధి మీద పడ్డాయి.

"దాటిపోతున్నావేంట్రా? ఆపు! నా కూతుర్ని ఎక్కించుకో!"

"ఆపితే ఏం లాభమమ్మా? గేటు తీయరు. బావ నన్ను దొంగనుకుంటాడు. నీళ్ళు పెద్ద వంతెన దాటడం నా కళ్ళతో చూశాను. నాకు స్టీరింగు మీద చెయ్యి ఆగడం లేదు, నువ్వు ఏడవకే..."

వ్యాను మలుపు తిరిగింది. చాలా ఆలస్యంగా, దూరం నుంచి, టక్కుమన్న చప్పుడు వినిపించింది.

"మా అమ్మ," అంది భార్య గోడకి జారగిలబడి.

మైకుకి తన కుడిచేతి బొటనవేలు చురుక్కుమన్నట్టయింది. పెద్దాయన నేర్పిన మొదటి పాఠం అదే. మాట అవగానే బొటనవేలితో స్విచ్చి కిందికి లాగాలి. "మీ దగ్గూ, మీ ఆవలింతా, మీ ఇంటి రభసా ఊరికి అక్కర్లేదురా," అనేవాడు. మరిచిపోతే ఆ వేలి మీదే చెక్క స్కేలుతో ఒకటి వేసేవాడు. ఇద్దరూ సమానంగా తిన్నారు. ఇన్నేళ్ళలో ఇద్దరూ మళ్ళీ ఎప్పుడూ మరిచిపోలేదు. క్యాసెట్ గాడు ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు. స్విచ్చి మాత్రం మరిచిపోలేడు. మరిచిపోయాడంటే వణికిపోతున్నాడు. పైగా దోపిడీకి బయల్దేరినవాడు కన్నతల్లిని వెంటబెట్టుకుని వస్తాడా?

మైకు మెట్లు దూకుతూ దిగాడు. "మాస్టారూ, గేటు తీయండి! వరద నిజమే!"

స్కూటరు మీద కూర్చున్న మాస్టరు లేవలేదు. "ఇందాక అబద్ధమన్నావు."

"పొరపాటుపడ్డాను. వాడు స్విచ్చి మరిచిపోయాడు. మా అత్తగారు వ్యానులో ఉంది, మీరూ విన్నారుగా!"

"విన్నాం. నాటకం భలే రక్తి కట్టించారు," అన్నాడు డాక్టరు. "ముసలమ్మని కూడా పెట్టారు. ఇంత తొందరగా మాట మార్చావంటే మీ బావమరిది నీ వాటా ఖాయం చేశాడా?"

"నా వాటా ఏంటి సార్, నాకు పిచ్చా! పోనీ మమ్మల్నైనా వదలండి. మా అక్కని తీసుకుని మేం పోతాం."

"మీకోసం తీస్తే ఆ సందులోంచి మీ బావమరిది మనుషులు దూరతారు. పైకెళ్ళు మైకూ. వెళ్ళకపోతే కాళ్ళూ చేతులూ కట్టి కూర్చోబెడతాం." మెట్ల మీద ఒకరి వెనక ఒకరు నిలబడ్డ ఇరుగుపొరుగువాళ్ళు అతన్ని చూసిన చూపులో నిన్నటిదాకా ఉన్న 'మైకు బాబాయ్' లేడు.

మైకు పైకొచ్చాడు. అటక మీంచి చేతి మైకు తీశాడు. బ్యాటరీలో ఇంకా కాస్త ప్రాణముంది. బాల్కనీలో నిలబడి స్విచ్చి పైకి నెట్టాడు.

"బిల్డింగువాసులకు విజ్ఞప్తి. వరద నిజం. గేటు తీసి..."

కిందనుంచి ఒక చెప్పు వచ్చి పిట్టగోడకి తగిలింది. "నోర్ముయ్యరా దొంగనాయాలా!" అని ఎవరో అరిచారు.

మైకు నోరు మూశాడు. చేతి మైకుని పిట్టగోడ మీద పెట్టాడు, దాని మూతి మెట్లవైపు ఉండేలా. స్విచ్చి కిందికి లాగబోయిన బొటనవేలు మధ్యలోనే ఆగిపోయింది. విజ్ఞప్తి అంటే వీళ్ళు చెప్పు విసురుతున్నారు. వీళ్ళు నమ్మేది ఒక్కటే. పక్కవాడు తమకి తెలియకుండా ఏదో దాస్తున్నాడని.

వేలు తీసేశాడు. భార్యవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పోనీలే, రాకపోతే మనకే మంచిది. ఎంతమంది వస్తే అంత పంచుకోవాలి."

భార్య ఏదో అనబోయి, పిట్టగోడ మీది స్విచ్చి చూసింది. ఒక మైకువాడికి పెళ్ళాం, ఇంకో మైకువాడికి చెల్లెలు. ఒక్క రెప్పపాటు చాలింది.

"ఇంతకీ ఎన్ని లారీలొచ్చాయట?" అంది గుసగుసగా.

"క్వారీ నిండా ఆర్మీ లారీలేనట. బియ్యం, నూనె. ముందొచ్చినవాళ్ళకి మూటలకి మూటలు ఇచ్చేస్తున్నారు. బియ్యమని చెబితే జనం తొక్కిసలాట పడతారని, ఎవరూ నమ్మని వరద పేరు చెప్పి మనవాళ్ళనే ముందు రమ్మంటున్నాడు మీ అన్నయ్య. వెనక గోడ దూకేద్దాం. గట్టిగా మాట్లాడకు."

"పాలపొడి కూడా ఉందా? అయితే ఆ డ్రిల్లు మాస్టరుకి మాత్రం తెలియనివ్వకండి. మొత్తం ఊడ్చుకుపోతాడు."

కింద మెట్ల మీద గుసగుసలు లేచాయి. తర్వాత బీరువా నేల మీద ఈడుస్తున్న చప్పుడు. తర్వాత రెండోది. డ్రెస్సింగ్ టేబులు అద్దం భళ్ళున పగిలింది. ఎవరూ తిట్టలేదు, తిట్టే తీరిక లేదు. మైకు భార్య అక్కని వాలుకుర్చీలోకి చేర్చేసరికి సగం బిల్డింగు సంచులు పట్టుకుని మెట్లు దిగుతోంది. ఆలూమగలిద్దరూ కుర్చీని గుమ్మం దాకా తెచ్చారు. అంతకుమించి వాళ్ళ వల్ల కాలేదు. జనం వాళ్ళని రాసుకుంటూ దిగిపోతున్నారు.

మంచంలోంచి అంతా విన్న అక్క ఏడవలేదు. రేషన్ షాపులో పనిచేసి రిటైరైన మనిషి. మూటల కోసం నిలబడే జనం ఆమెకి కొత్త కాదు.

"ఒరేయ్ తమ్ముడూ, తొందరేం లేదురా," అంది మెట్లంతా వినబడేలా. "ఆ లారీల దగ్గర పంచేవాడు మా షాపులో మూటలు కుట్టినవాడే. నేను లేనిదే గింజ కూడా కదలనివ్వడు. వీళ్ళంతా వెళ్ళి లైనులో నిలబడనీ."

డ్రిల్లు మాస్టరు వెనక్కి తిరిగాడు. "డాక్టరుగారూ, ఆ పక్క పట్టండి. అక్కగారిని అలా వదిలేస్తామా, మనుషులం కాదూ!"

కొండ దారి పొడుగునా మాస్టరు ఈల ఊదుతూనే ఉన్నాడు. దారిలో ఇంకో వీధివాళ్ళు కనబడి, ఇంతమంది ఎందుకు పరిగెడుతున్నారో అడగకుండానే తామూ పరిగెత్తారు. అడిగితే నిజం చెప్పరని వాళ్ళకి తెలుసు. కుర్చీ మీంచి అక్క "కుడివైపు వంగింది డాక్టరుగారూ, కాస్త ఎత్తండి" అంటూ దారంతా పని చెప్పింది.

క్వారీలో లారీల్లేవు. రాళ్ళూ, చెమటోడుతున్న జనమూ ఉన్నారు. ఒక మూల దుమ్ము పట్టిన వ్యాను ఉంది.

మాస్టరు కుర్చీ దించిన మరుక్షణం మైకు కాలరు పట్టుకున్నాడు. "బియ్యం ఏదిరా?"

"లేదు మాస్టారూ."

"నూనె?"

"అదీ లేదు."

పిడికిలి లేచింది, లేచి అక్కడే ఉండిపోయింది. కింద ఊరి అవతల నుంచి, బరువైన సామాను లాగుతున్నట్టు ఒక మోత మొదలై ఆగకుండా పెరిగింది. గోధుమరంగు నీళ్ళు ఇళ్ళ మధ్య నుంచి, ఇళ్ళ మీదుగా వచ్చాయి. స్కూటర్లు తేలాయి. వాళ్ళ బిల్డింగు పగిలిన స్తంభాల దగ్గర మోకాళ్ళు మడిచినట్టు వంగి, పక్కకి ఒరిగి, దుమ్ము లేపి మునిగిపోయింది.

మాస్టరు చెయ్యి కాలరు వదిలింది. ఆయన రాయి మీద కూర్చుని మెడలో తాళంచెవిని చేత్తో తడుముతూ ఉండిపోయాడు. డాక్టరు ఇంకా కుర్చీ కోడు పట్టుకునే ఉన్నాడు, వదలమని ఎవరూ చెప్పనట్టు.

వ్యాను దగ్గర తల్లీ కూతురూ ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తున్నారు. పక్కన బావమరిది నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే.

"వచ్చావా బావా."

"పెద్దాయన ఉంటే ఈ రోజు నీ వేలు విరగ్గొట్టేవాడు," అన్నాడు మైకు. "స్విచ్చి మరిచిపోయావు."

"మరిచిపోలేదు."

మైకు అతని మొహంలోకి చూశాడు.

"మామూలుగా చెబితే నువ్వు నమ్ముతావా? నా మైకుసెట్టు పేరు చెబితే అసలు నమ్మవని అదీ మానేశాను. అదీ పనిచెయ్యలేదు. ఇంక నాకు మిగిలింది స్విచ్చొక్కటే. దాన్ని చూసి నమ్మేవాడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివే కదా."

మైకు నెమ్మదిగా అత్తగారివైపు తిరిగాడు. "మరి ఆ ఏడుపు?"

"ఏడుపు నిజమే నాయనా," అంది ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కాకపోతే పక్క వీధిలో ఓసారి ఏడిపించి చూసుకున్నాడు. గట్టిగా వినబడటం లేదమ్మా, ఇంకాస్త మైకు దగ్గరికి వంగు, అన్నాడు."