హాలు గోడకి నీలం రంగు

కంపెనీ ఎంత ఎదిగిందని ఎవరైనా అడిగితే నిర్మాత గదుల్లో లెక్క చెప్పేవాడు. టీవీలు, మిక్సీలు అమ్మే కొట్టు వెనకగది దగ్గర మొదలైంది ఆ లెక్క. స్కూలు వార్షికోత్సవాలకీ, షాపుల ప్రారంభాలకీ కెమెరా అద్దెకిచ్చిన రోజులవి. తర్వాత ఆ షాపులవాళ్ళకే ప్రకటనలు తీశాడు. ఆ ప్రకటనలు చూసి చానెల్‌వాళ్ళు ఓ సీరియల్ చేతిలో పెట్టారు. సీరియల్‌కి ఇల్లు కావాలి. సొంతిల్లు ఉండగా ఇంకోడి ఇంటికి అద్దె కట్టేవాడు వ్యాపారస్థుడెలా అవుతాడు? హాలు ఇచ్చేశాడు.

సీరియల్ కుదురుకుంది, వంటిల్లు పోయింది. పేరొచ్చింది, మేడమీద గదులు పోయాయి. సామాన్ల గదిలోకి ఎడిటింగ్ చేరింది, పాప చదువుకునే గదిలోకి నటుల బట్టలు చేరాయి. కంపెనీ ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా కాపురం ఒక గది దిగింది. చివరికి భార్యకీ, పాపకీ, తనకీ కలిపి హాలుకి ఆనుకున్న పడగ్గది ఒక్కటే మిగిలింది. కెమెరా ఎప్పుడూ దాని తలుపుకి వీపు పెట్టి నిలబడేది కాబట్టి అది దక్కింది.

గదులు పోతే పోయాయి, వస్తువుల మీద కూడా హక్కు పోయింది. నిన్న తెరమీద ఎక్కడున్న వస్తువు ఇవాళా అక్కడే ఉండాలి. దాన్ని కంటిన్యుటీ అంటారు. అది చూసుకోవడానికి ఓ అమ్మాయి ఉండేది. ప్రతి మూలా ఫోన్‌తో ఫొటో తీసుకుంటుందని అందరూ ఆమెని ‘ఫొటో పిల్ల’ అనేవారు. ఇంటావిడ పూలకుండీ జానెడు జరిపినా ఫొటో పిల్ల పరిగెత్తుకొచ్చేది. పాప గోడకి అంటించుకున్న బొమ్మ మొదటి వారమే ఊడబెరికారు. ఇంటావిడ వంట పెరటి మెట్ల మీద, ఒంటి పొయ్యితో.

“వచ్చే నెలతో సీరియల్ అయిపోతుంది. హాలు నీది. నీకు నచ్చిన రంగు వేయించుకో,” అని నిర్మాత మాటిచ్చాడు. తల్లీకూతుళ్ళు రంగుల అట్ట తెచ్చుకుని, మంచం మీద బోర్లా పడుకుని నీలం ఎంచుకున్నారు.

అంతలో చానెల్ పిలిచింది. ఆయన వెళ్ళాడు, సంతకాలు పెట్టాడు, అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

“ఏమే, ఏడాది పొడిగించారు! ఇంకో సీరియల్ కూడా మనకే!”

“మరి హాలు?”

“హాలు ఎక్కడికి పోతుందే, మన ఇంట్లోనే కదా ఉంటుంది!”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. సంతోషం పట్టలేక పెట్టేసిందనుకున్నాడు.

మర్నాడు యూనిట్‌కి సెలవు, ఆయన చానెల్ వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోయాడు. ఆ మర్నాడు పొద్దున్నే స్వీటు పెట్టెతో కారు దిగి హాల్లోకి అడుగుపెట్టేసరికి యూనిట్ మొత్తం గోడకేసి చూస్తూ నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ పసుపుగా ఉన్న గోడ నిండా నీలం.

నిర్మాత స్వీటు పెట్టె కింద పెట్టేశాడు. రాత్రి ప్రసారమైన ఎపిసోడ్ ఆ పసుపు గోడ ముందే ఆగింది. అత్తగారు కోడలి చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తింది, అక్కడ బొమ్మ నిలిచిపోయింది. ఇవాళ ఆ చెయ్యి దిగాలి. ముందే తీసి దాచుకున్న ఎపిసోడ్లు ఎప్పుడో అయిపోయాయి. ఇవాళ తీసింది ఇవాళ సాయంత్రం ఏడింటికే వెళ్ళాలి. వెళ్ళకపోతే చానెల్‌లో పెట్టిన సంతకాలు రెండూ చిత్తుకాగితాలే. వాటి వెనకే కంపెనీ.

“మొన్నట్నుంచి నా చెయ్యి గాల్లోనే ఉంది బాబూ,” అంది అత్తగారి వేషం కట్టే ఆవిడ, మేకప్ కుర్చీలోంచి. “దించనిస్తే ముక్కయినా గోక్కుంటా.”



డైరెక్టరు ఇంటావిడకి స్వయానా తమ్ముడు. “బావా, నేను చెప్పేదాకా కంగారు పడకు,” అన్నాడు గానీ వాడి మొహమే కంగారుగా ఉంది. నీలం వేసిన రంగులాయన్ని పిలిపించారు.

“మళ్ళీ పసుపు కొడితే సాయంత్రానికి ఆరుతుందా?”

“రెండు పూతలు పడాల సార్. రేపు మధ్యాన్నానికి చూడండి.”

పసుపు గుడ్డ కడదామన్నారు, కడితే ముడతలు కనబడ్డాయి. కంప్యూటర్లో రంగు మార్చమన్నారు. “కోడలి జుట్టు విరబోసి ఉంది సార్, వెంట్రుక వెంట్రుకా విడదియ్యాలి. సాయంత్రానికా? నన్ను చంపెయ్యండి,” అన్నాడు ఎడిటర్.

చివరికి కెమెరామాన్ గొంతు సవరించుకున్నాడు. “ఎత్తిన చెయ్యిని కిందనుంచి తీస్తా, వెనకాల తెల్ల సీలింగే పడుతుంది. కొట్టకుండా ఆవిడ కోడలి రెక్క పట్టుకుని పక్క గదిలోకి ఈడ్చుకెళ్తుంది. దెబ్బ లోపల పడుతుంది. కెమెరా ఇటు తిప్పితే నీలం గోడ ఊసే ఉండదు.”

ఇటు అంటే పడగ్గది. బావమరిది తల దించుకున్నాడు. ఆ ఉపాయం వాడికి ముందే తట్టిందని, అక్క గది గనక నోరు విప్పలేదని నిర్మాతకి అర్థమైంది. గోడ గడియారం వంక చూశాడు. అదీ సీరియల్‌దే, ఎప్పుడూ ఒకే టైము చూపిస్తుంది.

తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. ఆమె మంచం మీద కూర్చుని పాప బట్టలు మడత పెడుతోంది. మోచేతికి నీలం చుక్కలు.

“నీకు నలభై మంది అన్నం కనబళ్ళేదా?” అన్నాడు.

“కనబడబట్టే ఇన్నాళ్ళు మెట్లమీద వండా.”

“సరే. ఇవాళ్టికి…” గది నాలుగు మూలలా చూశాడు.

“అడగండి. నోటితో అడగండి.”

“ఈ గది కావాలి. ఒక్క సీను. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.”

“ఆ తర్వాత ఏ ఎపిసోడ్‌లో వస్తుందండీ?”

 జీవితంలో బేరం కుదరని గిరాకీ ఆయనకి తగల్లేదు. ఒకటి తగ్గించి ఒకటి కలిపితే ఎవరైనా దారికొచ్చేవారు. ఈ మనిషికి ఏం కలపాలో వెతికితే, ఇవ్వగలిగిన గదులన్నీ ముందే ఇచ్చేసి ఉన్నాడు.

ఆమె మడత పెట్టిన బట్టలన్నీ ఒక సంచిలో సర్దింది. గుమ్మం దగ్గర తమ్ముడు “అక్కా” అన్నాడు. వాడి భుజం తట్టి వెళ్ళిపోయింది. పాపని తీసుకురావడానికి స్కూలుకే వెళ్తోందనుకున్నాడు నిర్మాత, స్కూలు వదిలే వేళ కాకపోయినా. అలా అనుకుంటేనే పని సాగుతుంది.

సీను అదిరింది. దెబ్బకి కోడలు పాప మంచం మీద పడి ఏడుస్తుంటే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఎపిసోడ్ వేళకి ముందే చేరింది. చానెల్ నుంచి ఫోనొచ్చింది.

“ఆ గది ఎక్కడ దాచారండీ ఇన్నాళ్ళూ! ఎంత సహజంగా ఉందో. ఇక కోడల్ని అందులోనే ఉంచెయ్యండి.”

“అలాగే సార్,” అన్నాడు.

తర్వాత భార్యకి ఫోన్ చేశాడు. అది పాప మంచం మీదే మోగింది. తీయబోతే ఫొటో పిల్ల అడ్డుపడింది. “సార్ సార్, ముట్టుకోకండి! షాట్‌లో పడింది.” ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. స్కూలుకి చేశాడు. పాపని మధ్యాహ్నమే తీసుకెళ్ళారనీ, ఇక రాదని చెప్పి వెళ్ళారనీ అన్నారు. ఎక్కడికని అడిగితే, “మీకు తెలీదా?” అని వాళ్ళే అడిగారు.

హాల్లో రంగులాయన పసుపు డబ్బా మూత తీసి కూర్చున్నాడు. “రేపటికి హాలు కావాలన్నారు. మొదలెట్టమంటారా?”

నిర్మాత పొద్దుట్నుంచీ ఆ గోడని నష్టంగానే చూశాడు. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాడు. పైనంతా నున్నగా ఉంది. కింద మూలలో, నడుమెత్తు దాకా, బ్రష్ గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

“అది పాప వేసింది సార్. నేనూ వేస్తానని ఒకటే గోల,” అన్నాడు రంగులాయన.

ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. “ఈ మూల వదిలెయ్యి,” అన్నాడు. “సోఫా అడ్డం పెడదాం.”

రంగులాయన డైరెక్టరు వంక చూశాడు.

బావమరిది నేలకేసి చూస్తూ అన్నాడు. “సీరియల్లో సోఫా అక్కడుండదు బావా.”

హాలంతా ఆయన నోటికేసి చూస్తోంది. పడగ్గదిలో ఎవరో లైటార్పారు. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

“వేసెయ్,” అన్నాడు. “రెండు పూతలు.”