మైకుకి చిక్కిన కామాలు

మా ఆవిడ ఇరవై రెండేళ్ళు అచ్చాఫీసులో పనిచేసింది. ఆ అచ్చు ఆవిడకి అచ్చిరాలేదు. లోకంలో అందరి తప్పులూ దిద్దింది గానీ చెవులకి ఒక జత దిద్దులు రాలేదు.

ప్రూఫు గది చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. బల్లకి అటొకరు, ఇటొకరు. రచయిత రాసిన కాగితాలు పట్టుకుని ఒకరు పైకి చదువుతారు. అచ్చయి వచ్చిన కాగితం మీద రెండోవారు పెన్సిలు పెట్టి చూసుకుంటూ పోతారు. చదివే మనిషి మా ఆవిడ. మాటలే కాదు, మాటల మధ్య ఉన్న ప్రతి చుక్కా ప్రతి గీతా పైకి చదవాలి. "ఆమె తలుపు తీసింది కామా బయట ఎవరూ లేరు ఫుల్‌స్టాప్ కొత్త పేరా" అని. విరామం లేకుండా విరామ చిహ్నాలు, ఇరవై రెండేళ్ళు!

ఆ అలవాటు ఇంటికీ నడిచొచ్చింది. "పాలు కామా పెరుగు కామా బట్టల సబ్బు ఫుల్‌స్టాప్" అని సరుకులు చెప్పేది. వాదనలో ఆవిడ ఫుల్‌స్టాప్ అందంటే కేసు కొట్టేసినట్టే, పైకోర్టు లేదు. పెళ్ళయిన కొత్తలో పడీ పడీ నవ్వేవాణ్ణి. తర్వాత తర్వాత గోడగడియారం చప్పుడులాగా అది నా చెవికి ఆనడం మానేసింది.

కిందటేడు ప్రెస్సువాళ్ళు కొత్త కంప్యూటర్లు తెచ్చి ప్రూఫు గదికే పెద్ద ఫుల్‌స్టాప్ పెట్టారు. మా ఆవిడ ఇంట్లో కూర్చుంది. పాల ప్యాకెట్టు మీద రాసినది, మందు సీసా మీద రాసినది, కరెంటు బిల్లు వెనక రాసినది, కనబడిందల్లా పైకి చదివేది. వినేవాణ్ణి నేనొక్కణ్ణే. పరుపుల దుకాణంలో పొద్దున్నించీ జనం చేత పరుపులు నొక్కించి వచ్చినవాణ్ణి, వింటూ వింటూ నిద్రపోయేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే మా బావమరిది ఊడిపడ్డాడు. వాడు పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకు సెట్లు అద్దెకిస్తాడు. వాడి గొంతు వినడానికి ఏ మైకూ అక్కర్లేదు.

"అక్కా! వినే పుస్తకాలు తయారుచేసే కంపెనీవాళ్ళకి చదివేవాళ్ళు కావాలిట. ఇంట్లోనే కూర్చుని చదవొచ్చు. పది నిమిషాలు చదివి పంపాలి, శుక్రవారం సాయంత్రం అయిదు ఆఖరు. కానీ కండెన్సర్ మైకులోనే రికార్డు చెయ్యాలిట."

"కండెన్సర్ అంటే? కండలున్న సెన్సారా?" అన్నాను.

"మీరాగండి," అంది మా ఆవిడ. తర్వాత మెల్లగా అంది, "ఇన్నేళ్ళూ నా గొంతు ప్రూఫు బల్లకి అటున్న ఒక్క మనిషికే వినబడింది. ఆయనకీ సగం చెవుడు. ఒక్కసారి బయటి మనుషులు వింటే చాలురా. బాలేదంటే మానేస్తా."

ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ ఫుల్‌స్టాప్ అనలేదు. అంటే ఆ మాట అవలేదన్నమాట. చొక్కా తొడుక్కున్నాను.

ముగ్గురం మైకుల షాపుకి వెళ్ళాం. షాపాయన ఓపికమంతుడు. మా దగ్గర ఎంతుందో విని, నొచ్చుకోకుండా మూడు మైకులు బల్ల మీద పెట్టాడు. మూడూ నేరుగా కంప్యూటరుకి గుచ్చేవే.

"స్టేజీ మైకు నోటికి ఆనిస్తేనే వింటుంది సార్. కండెన్సర్ అలా కాదు. జానెడు దూరంలో ఊపిరి తీసినా పట్టేస్తుంది."

"అచ్చం మా అత్తగారే," అన్నాను. మా ఆవిడ కళ్ళలో ఫుల్‌స్టాప్ కనబడింది.

మొదటిదానికి చుట్టూ రంగురంగుల దీపాలు. మా బావమరిది దాన్ని ఎత్తి చంకలో పెట్టుకున్నంత పని చేశాడు. "లైట్లు చూడు బావా, ఎలా తిరుగుతున్నాయో!"

వాడు లైట్లు చూశాడు గానీ మా ఆవిడ లైట్ తీసుకుంది. షాపాయన అట్టపెట్టె మీద అంకెలన్నీ చదవబోతే ఆపింది.

"అంకెలు తర్వాత బాబూ. నేను చదువుతాను, అది ఏం విందో నాకు వినిపించు." మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, నావైపు ఓరగా చూస్తూ అంది: "శ్లేషల మనిషికి సరసం శేషం లేదు."

షాపాయన ఫక్కుమన్నాడు. నేను మాత్రం ఆ వాక్యంలో నా కాపురం మొత్తం ప్రూఫు దిద్దినట్టు నిలబడిపోయాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని తల అడ్డంగా ఊపింది. "దీనికి శ, ష, స మూడూ ఒకటే. అన్నిటికీ పాములా బుస్సుమంటోంది. అక్షరాలు తెలియని మైకు."

రెండోది లావుగా, గుండ్రంగా పెళ్ళిపెద్దలా ఉంది. మళ్ళీ అదే వాక్యం. మళ్ళీ హెడ్‌ఫోన్లు. "ఇది శ ష బాగానే విందండీ. కానీ మీ ఫ్యాను విరిగిన రెక్క, రోడ్డు మీద బస్సు, మా తమ్ముడి ఆయాసం, అన్నీ విన్నది."

"అది నలువైపులా వింటుందమ్మా," అన్నాడు షాపాయన. "ఈ మూడోది ముందున్నదే వింటుంది, వెనకున్నది వదిలేస్తుంది."

"మా ఇంట్లో ఉన్నదానికి ముందున్నది కూడా వినబడదు," అంది నన్ను చూపించి.

మూడోది బూడిదరంగులో, దీపాలూ దర్జాలూ లేకుండా టార్చిలైటులా ఉంది. మా బావమరిది దాన్ని అందుకుని, అలవాటు కొద్దీ కొన నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకుని "హలో హలో మైక్ టెస్టింగ్" అని అరిచాడు. షాపులో ఉన్న నలుగురూ చెవులు మూసుకున్నారు.

"దాని నెత్తిమీద కాదు బాబూ, పక్కన చదవాలి," అని షాపాయన దాన్ని లాక్కుని నిలబెట్టాడు.

మా ఆవిడ చదివింది. విన్నది. మళ్ళీ విన్నది. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టింది. శ్లేషలో శ వేరే, ష వేరే. సరసంలో స వేరే. మూడు అక్షరాలూ తలో గదిలో ఉండే తోడికోడళ్ళలా ఎవరి మర్యాదలో వాళ్ళున్నారు. ఆ గొంతు పక్కన ఇరవై ఏళ్ళు కాపురం చేశాను. ఇంత బావుంటుందని నాకెవరూ చెప్పలేదేం?

"ఇదే," అంది.

"దీపం కూడా వెలగదక్కా!"

"నేను చీకట్లో చదవట్లేదురా. ఇదే ఫుల్‌స్టాప్."

ఇంటికి తెచ్చాక తెలిసింది, మేము ఇన్నాళ్ళూ ఎంత గోలలో బతుకుతున్నామో. ఫ్రిజ్జు గురక వినబడింది. కుళాయి చుక్క వినబడింది. గది నాలుగు గోడలూ మాటని బంతిలా తిరగ్గొట్టాయి. అక్కడ నేను రంగంలోకి దిగాను. మా ఓనరుని బతిమాలి, జనం నొక్కీ నొక్కీ సొట్టపోయిన నమూనా పరుపులు అయిదు రిక్షాలో వేసుకుని తెచ్చాను. నాలుగు గోడలకి నాలుగు, తలుపుకొకటి. మేడ మెట్ల మీద వాటిని మోస్తుంటే ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలకి పరువు పోయింది గానీ, పరుపు మిగిలింది.

ప, భ వచ్చినప్పుడల్లా మైకులో గాలి తుపాకీలా పేలుతోంటే, దానికి పాప్ ఫిల్టర్ కావాలన్నాడు బావమరిది. ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి చున్నీ ముక్క బిగించి మైకు ముందు వేలాడదీసింది మా ఆవిడ. పాపాలు వడగట్టే యంత్రం మా ఇంట్లోనే తయారైంది!

బుధవారం మధ్యాహ్నం ఫ్యాను ఆపి, ఫ్రిజ్జు ఆపి, చెమటలు కారుతున్నా ఒక కథల పుస్తకంలోంచి పది నిమిషాలు చదివింది. ముగ్గురం మూడుసార్లు విన్నాం. నేను కళ్ళు తుడుచుకున్నాను. బావమరిది చేతికందిన పరుపుని గుద్దాడు. "బంగారం అక్కా, ఒక్క మచ్చ లేదు!" పంపించేశాం.

గురువారం పొద్దున్న కంపెనీ నుంచి ఒకావిడ ఫోను చేసింది. స్పీకరు పెట్టాం.

"మీ గొంతు చాలా బావుందండీ. నిజంగా చాలా బావుంది. కానీ..."

"కానీ ఏంటమ్మా?"

"కామాలు."

మా ఆవిడ మొహం పాలిపోయింది. "తప్పు పడ్డాయా?"

"లేదండీ. ఒక్కటీ తప్పు పడలేదు. అన్నీ వినబడుతున్నాయి. అదే ఇబ్బంది. 'వాన వెలిసింది కామా అతను గొడుగు ముడిచాడు ఫుల్‌స్టాప్' అని చదివారు మీరు."

మూడుసార్లు విన్నాం! ముగ్గురి చెవులూ కామాలకి అలవాటుపడి కోమాలో ఉన్నాయి.

"మా దగ్గర ఇంకా పదకొండు మంది ఉన్నారండీ. మీది వదులుకోవాలని లేదు. రేపు అయిదు లోపల మళ్ళీ పంపగలరా? కామాలు లేకుండా?"

ఫోను పెట్టేశాక బావమరిది చొక్కా చేతులు మడిచాడు. "ఇంతే కదా, కంప్యూటర్లో కత్తిరించేస్తా." కత్తిరించాడు. మా ఆవిడ కామాని ముందున్న మాటకి అంటించి అంటుంది కాబట్టి, కామాతో పాటు మాట తోక కూడా తెగింది. "వాన వెలిసిం. అతను గొడుగు ముడి." విన్నవాడికి వానకి నత్తి పట్టిందనిపిస్తుంది.

తర్వాత నా తెలివి. పుస్తకంలో కామాల మీద తెల్ల ఇంకు పూసేశాను. లేనిదాన్ని ఎలా చదువుతుంది? ఆవిడ మొదలుపెట్టింది. రెండో వాక్యంలో ఆగింది. "ఏవండీ, ఇక్కడ కామా పడాలి." మూడో వాక్యం. "ఇక్కడా పడాలి. ఎవడు దిద్దాడండీ ఈ పుస్తకం?" నాలుగో వాక్యంలో, లేని కామాని తనే పెట్టి, పైకి చదివి, ముందుకి వెళ్ళిపోయింది.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గోడకానించిన పరుపుకి వీపు ఆన్చి కింద కూర్చుంది.

"నోరు తిరగటం లేదండీ. కామా అనకపోతే నాకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. నాకిది తప్ప ఇంకోలా చదవడం రాదు." "ఫోను చేసి చెప్పెయ్యండి, పంపలేమని."

నా నాలుక మీద రెండు శ్లేషలు సిద్ధంగా ఉన్నాయి. రెంటినీ మింగేశాను. పక్కన కూర్చున్నాను.

"ఏమోయ్, ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజైనా గొంతు పట్టెయ్యలేదా నీకు? ఆ రోజు ఎలా చదివావు?"

"పట్టేసింది. రెండు మూడుసార్లు. మాటల వరకే గొంతు దాచుకునేదాన్ని. కామా వస్తే బల్ల మీద వేలితో ఒకసారి కొట్టేదాన్ని. ఫుల్‌స్టాప్‌కి రెండుసార్లు. ఎదురుగా కూర్చున్నాయన చూసుకునేవాడు."

"మరి కొట్టు!"

లేచింది. మైకు ముందు కూర్చుంది. చదువుతూ బల్ల మీద వేలితో కొట్టింది. నోట్లోంచి ఒక్క కామా రాలేదు! బావమరిది గెంతాడు. వింటే, మాటల మధ్య "టక్. టక్ టక్." పక్కింట్లో వడ్రంగిపిట్ట గూడు తొలిచినట్టుంది. మా మైకు ఊపిరే వినే రకం, వేలు వినదా?

అప్పుడు నేను జీవితంలో మొదటిసారి నా వృత్తికి దండం పెట్టాను. పరుపుల నమూనా సంచీలోంచి మెత్తటి స్పాంజి ముక్క, అరచెయ్యంత, తీసి ఆవిడ చేతి కింద పెట్టాను. "కొట్టకు. నొక్కు."

ఒకసారి నొక్కితే కామా, రెండుసార్లు నొక్కితే ఫుల్‌స్టాప్. వేలు స్పాంజిలో దిగి పైకి వచ్చేంతసేపు ఆవిడ గొంతు ఆగింది. అంతే ఆగింది; వీసమెత్తు ఎక్కువా కాదు, తక్కువా కాదు. హెడ్‌ఫోన్లలో మాట, నిశ్శబ్దం, మాట. ఆ నిశ్శబ్దంలో వాన వెలవడం వినబడింది. గొడుగు ముడవడం వినబడింది. అక్షరాల ఒత్తులన్నీ ఉన్నాయి, ఆవిడ మీద ఒత్తిడి మాత్రం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అసలు రికార్డింగు. తొమ్మిదో నిమిషంలో నాకు తుమ్ము వచ్చింది. అది మామూలు తుమ్ము కాదు, వీధి చివరి వరకూ పేరున్న తుమ్ము. ముక్కు పట్టుకున్నాను, ఆగలేదు. తలుపుకున్న పరుపులో మొహం దూర్చాను, బావమరిది వెనకనుంచి నా తలని అందులోకి కూరాడు. ఏ శబ్దం ఎటు పోయిందో గానీ ఆవిడ వేలు చెదరలేదు, గొంతు చెదరలేదు. ఆఖరి వాక్యం అయింది. రెండుసార్లు నొక్కింది.

ఈసారి కాగితం పెన్సిలు పెట్టుకుని, శత్రువులు విన్నట్టు విన్నాం. కామాలు సున్నా. ఫుల్‌స్టాప్‌లు సున్నా. తుమ్ము కూడా సున్నా. అయిదుకి ఇరవై నిమిషాలుండగా పంపాం.

శనివారం పొద్దున్న అదే ఆవిడ ఫోను చేసింది. "పదకొండు మందివీ విన్నామండీ. మాటలు అందరూ చదివారు. ఆగడం మీకొక్కరికే వచ్చు. ఆరువందల పేజీల నవల పంపిస్తున్నాం, మీరే చదవాలి. ఇంకో మాట. పుస్తకం మొదట్లో నవల పేరు, రాసినవారి పేరు, తర్వాత మీ పేరు చెప్పాలి."

"నా పేరా?" అంది మా ఆవిడ. "పుస్తకంలోనా?"

"మరి చదివేది మీరే కదండీ!"

ఆ మధ్యాహ్నమే నవల కంప్యూటరులోకి వచ్చింది. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్జు ఆపాం. చీర కొంగుతో మొహం తుడుచుకుని, వీపు నిటారుగా పెట్టి మైకు ముందు కూర్చుంది. నవల పేరు చెప్పింది. రచయిత పేరు చెప్పింది. "చదువుతున్నది" అని, తన పేరు ఇంటిపేరుతో సహా, ఎవరూ దిద్దనక్కర్లేనంత స్పష్టంగా చెప్పింది.

నేను ఆపుకోలేకపోయాను. చప్పట్లు కొట్టేశాను. బావమరిది ఈల వేశాడు, పెళ్ళిపందిరి ఎగిరిపోయేంత ఈల. అయిదు పరుపులు కూడా ఆ గోలని మింగలేకపోయాయి. మైకు మొత్తం వినేసింది.

నాలుక కరుచుకుని కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాను. "చెరిపేస్తానోయ్, మళ్ళీ చెప్పు."

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "పుస్తకానికి మళ్ళీ చెబుతాను. ఇది చెరపకండి, మన దగ్గర ఉంచుకుందాం."