పొన్నమ్మ వాటా

పొద్దున్నే టీ కాచడం ఆ ఇంట్లో పొన్నమ్మ పని. కెటిల్లో నీళ్లు పోసి, దాని మీద అరచెయ్యి ఆనించి, తనకు జరిగిన అన్యాయం ఏదో ఒకటి తలుచుకునేది. నీళ్లు మరిగేవి. అన్యాయాలకు కొరత లేదు కాబట్టి ఆ ఇంట్లో కట్టెలకు పని ఉండేది కాదు. కోపం సరిగ్గా రాని రోజున తమ్ముడి పెళ్లాం రేష్మి లత సాయం పట్టేది.

"అన్నం కూడా వండాలి వదినా. మా పెళ్లిలో మిమ్మల్ని వంటగదిలోనే కూర్చోబెట్టారు, అది తలుచుకోండి" అనేది.

లంబాసా ఊరి చుట్టుపక్కల చెరకు రైతులందరికీ ఈ సంగతి మామూలే. తుఫానుకు కట్టెలు తడిస్తే గిన్నెలు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. వయసులో ఉండగా ఒక పెళ్లికొడుకు చూడ్డానికి వచ్చి, చేతులేంటి మగవాడి చేతుల్లా ఉన్నాయన్నాడు. అతని కప్పులో టీ కుతకుత ఉడికింది. మూతి కాల్చుకుని పోయాడు, ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు.

ఆ చేతులు అలా ఎందుకయ్యాయో అతను అడగలేదు. తండ్రి మారిముత్తు కాలి మీద చెరకు కత్తి పడి మంచాన పడ్డాడు. అక్కడి కట్టుబాటు ప్రకారం కోత ముఠాలోకి ఒక్కో పొలం నుంచి ఒక మనిషి దిగాలి, లేకపోతే ఆ పొలం చెరకు ఎవరూ కోయరు. తమ్ముడు దొర్సామి చిన్నవాడు, చదువుకుంటున్నాడు. పొన్నమ్మ బడి మానేసి కత్తి పట్టింది. ఆడపిల్ల పేరు ముఠాలో ఎందుకని తమ్ముడి పేరే చెప్పారు. ముఠా మేస్త్రి ఇసికెలి తెల్లారగట్ల "దొర్సామి" అని పిలిస్తే పొన్నమ్మ "ఉన్నాను" అనేది. ఆ దొర్సామి చదువు ముగించాడు, లారీ కొన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, పొట్ట పెంచాడు. ఆమె ఇప్పటికీ ఆ పేరుకే పలుకుతోంది.

తండ్రి పోయాక పొలం అక్కాతమ్ముళ్లకు చెరి సగం వచ్చింది. పొన్నమ్మ సగం దొర్సామి కంట్లో నలుసైంది. అదీ తన పేర రాయించుకుని, మొత్తం అమ్మేసి సువా పట్నం పోవాలని ఆలుమగల ఎత్తు. సువాలో వదినకు గది ఉండదని రేష్మి ముందే తేల్చి చెప్పింది. పొన్నమ్మకు మాత్రం బ్యాంకు పని అన్నారు.

మొదటిసారి కాగితం చేతికిస్తే అంచులు మాడి ముడుచుకుపోయింది. దొర్సామికి తెలివొచ్చింది. అక్కను చల్లగా ఉంచాలి. ఇక ఆ ఇంట్లో తేనె కారింది. మేక కూర వండారు, కొత్త చీర తెచ్చారు, కూర్చోండి వదినా అంటూ రేష్మి పీట వేసింది. కెటిల్ మరగడం మానేసింది. అందరూ చల్లటి టీ తాగారు, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు.

శనివారం మధ్యాహ్నం లాయరు గుమాస్తా కొత్త కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. వసారాలో చాప పరిచి యంగోనా వేరు పొడి నీళ్లలో కలిపారు. అది తాగితే నాలుక మొద్దుబారుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. దొర్సామి కొబ్బరి చిప్ప నింపి నింపి అక్కకు అందించాడు. పొన్నమ్మ సంతకం పెట్టేద్దామనే అనుకుంది. ఎంతైనా చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడు. ఒకసారి చదవమంది, అంతే.

గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు. "ఈ భూమిలో నేను ఎన్నడూ పని చేయలేదు. దీనిలో నా కష్టం ఏమీ లేదు. కనుక నా వాటాను నా సోదరునికి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను."

పొన్నమ్మ చిప్ప కింద పెట్టింది. "ఇష్టంతో ఇస్తున్నానని రాయి, ఇప్పుడే పెడతాను సంతకం. పని చెయ్యలేదని ఎవరు రాయమన్నారు?"

గుమాస్తా దొర్సామి వైపు చూశాడు.

"రేపు పేచీ రాకుండా లాయర్లు అలా రాస్తార్లే అక్కా" అన్నాడు దొర్సామి. "అయినా ముఠాలో నీ పేరెక్కడుంది? ఎవరినడిగినా కోసింది దొర్సామే అంటారు."

అని నవ్వాడు కూడా. ఆ నవ్వుకే చెంప పగలగొట్టాలి.

రేష్మి భయంభయంగా కాగితం వైపు చూసింది. మాడలేదు. వదిన చెయ్యి తాకింది, చల్లగానే ఉంది. గండం గడిచిందనుకుని కలం అందించింది.

"నీ పేరుకు నేను పలికాన్రా" అంది పొన్నమ్మ. "నా పనికి నువ్వు పలుకుతావా?"

మెట్లు దిగి, రెండు వాటాల మధ్య బాటలో నడుచుకుంటూ పోయింది. ఆమె వెనకే బాటకు కుడిపక్క చెరకు అంటుకుంది. గాలి ఎడమకు కొడుతోంది, అయినా మంట బాట దాటలేదు. ఇరుగుపొరుగు తడి గోనెలతో పరుగున వచ్చారు. కాసేపు చూసి, "సగమేలే" అనుకుని గోనెలు పిండుకుని వెళ్లిపోయారు.

ఆదివారం సువా నుంచి బేరగాడు వచ్చాడు. నల్ల సగం, పచ్చ సగం చూసి, ఇది ఇద్దరి పొలంలా ఉందే అని కారు వెనక్కి తిప్పుకున్నాడు.

కాలిన చెరకులో ఆకే పోతుంది, గడ నిలుస్తుంది. కానీ వెంటనే కోసి మిల్లుకు తోలకపోతే రసం పులిసిపోతుంది. అందుకని సోమవారం తెల్లారేసరికి ముఠా వచ్చేసింది. మొత్తం తన పేరనే పంపమన్నాడు దొర్సామి.

"నీది పచ్చగానే ఉంది కదా" అన్నాడు ముసలి ఇసికెలి. "కాలినది ఎవరిదో చెప్పు, కోస్తాం. చెప్పకపోతే కూర్చుంటాం."

చెప్పినట్టే కూర్చున్నారు. ఎండ ఎక్కింది. పొలంలోంచి పులుపు వాసన మొదలైంది. దొర్సామి నేల చూపులు చూస్తూ "అక్కది" అని గొణిగాడు.

ఇసికెలి లేచి నిలబడ్డాడు. "పొన్నమ్మ."

ఎవరూ పలకలేదు. ఆ పిలుపు ఆమెకు అలవాటు లేదు. రెండోసారి పిలిచాక "ఉన్నాను" అంది.

ఇప్పుడు పొలాలు రెండు. పొలానికొక మనిషి.

"దొర్సామి."

అలవాటు కొద్దీ ముఠా అంతా పొన్నమ్మ వైపు తిరిగింది. అలవాటు కొద్దీ ఆమె నోరు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. ఇసికెలి ఇంకోసారి పిలిచాడు. వంటగదిలో రేష్మి కెటిల్ మీద చెయ్యి పెట్టి చూసి, కట్టెలు వెతుక్కోవడానికి పెరట్లోకి పోయింది. వసారా మెట్ల మీద దొర్సామి చెప్పులు విడిచాడు.

"ఉన్నాను" అన్నాడు.

పొన్నమ్మ మేస్త్రి దగ్గర కొత్త కత్తి తీసుకుని, తన పాత కత్తి తమ్ముడికిచ్చింది. దాని పిడి ఇంకా కాలుతూనే ఉంది.