కొంగుకు రాసిన మల్లె

పత్తికి మందు కొడుతూ పడిపోయిన మా బావ మరి లేవలేదు. ఈ సంగతి జరిగేనాటికి మూడేళ్లయింది. అక్క చెంచమ్మను పూలు పెట్టుకోవద్దన్నారు, మానేసింది. అత్తరు సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

బావ చిన్నాన్న పిచ్చయ్య కూతురి పెళ్లికి ముందురోజు సుభానీ సైకిలు మీద అత్తరు పెట్టెతో వచ్చాడు. మిరపకాయల తొడిమలు తీస్తున్న అక్క లేచి వెళ్లింది. వాసన చూపించడానికి సుభానీ చెయ్యి చాపమన్నాడు.

"చేతికొద్దు భాయ్. దీనికి మిరపఘాటు తప్ప ఇంకేదీ అంటదు" అని కొంగు చాపింది.

ఒక కొసకు వట్టివేరు రాశాడు. తడిసిన నేల వాసన, ముక్కు దగ్గర పెట్టుకుంటేగాని తెలియదు. రెండో కొసకు మల్లె రాశాడు. అది కాయల ఘాటును తోసుకుంటూ అరుగు మీదున్న అక్క అత్తగారు మాణిక్యమ్మ దాకా పోయింది. ఆమె చెడ్డది కాదు. వట్టివేరు తీసుకోమంది, ఎవరికీ తెలియదంది.

"తెలియకపోతే రాసుకోడం ఎందుకత్తా?" అని అక్క మల్లె కొంది.

మర్నాడు దాన్నే కొంగుకు రాసుకుంది. అక్కను పందిట్లోంచి లేపి వంటల వైపు పంపుతారేమోనని నాకు భయం వేసింది. నేనూ అదే మల్లె అత్తరు దూది చెవిలో పెట్టుకున్నాను. వాసన నాదని సరిపెట్టొచ్చు.

పందిరి గుమ్మంలో ఆడవాళ్లకు గంధం రాసి పన్నీరు చల్లుతున్నారు. పన్నీరు బుడ్డి పట్టుకున్న పిల్ల అక్కను దాటి వెనకామె వైపు తిరిగింది. అక్క కదల్లేదు. వెనక వరస ఆగిపోయింది. పిచ్చయ్య వచ్చాడు, గాలి పీల్చాడు, అక్క జడ వంక చూశాడు. పూలు లేవు.

"నాది మామా" అని చెవి చూపించాను.

"ఏరా పానకాలూ, పెళ్లికొడుకువి నువ్వా ఏందిరా?"

అందరూ నవ్వారు. అక్కడితో పోయేదే.

అక్క నా చెవిలో దూది లాగి కింద పారేసింది. కొంగు కొస పిచ్చయ్య ముందుకు చాపింది.

"వాడిది కాదు మామా, నాది. వాసన చూడు."

ఆయన చూడలేదు. పక్కకు జరిగాడు. అక్క పన్నీరు అడగలేదు. తిన్నగా పోయి ముందు వరసలో కూర్చుంది. ఆ పక్కన ఎవరూ కూర్చోలేదు. తాళి కట్టే వేళకు మాణిక్యమ్మత్త లేచి, అందరూ చూస్తుండగానే నడిచివెళ్లి కోడలి పక్కన చతికిలబడింది.