చేతికిచ్చిన చెంబు

మా వైపు ఒకడు "చెంబట్క పోయిండు" అంటే దొడ్డికేనని తెలుసు, ఎక్కడికని ఎవరూ అడగరు. అది తెలిసి కూడా ఆ రోజు నేను చెంబును ఉత్త చెంబుగానే చూశాను. నా టీచరు ట్రైనింగు తెలివి అంతవరకే పనిచేసింది.

అప్పుడు నేను నాగిరెడ్డిపేట దాటాక ఉన్న ఒక ఊళ్ళో టీచరును. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. బడికి పోయే దారిలోనే ముత్తవ్వ ఇల్లు. మొగుడు పోయాడు, మిగిలింది ఒక్క కొడుకు బాలమల్లు. తొమ్మిదేళ్ళొచ్చినా మాట లేదు, పిలిస్తే చూడడు. ఆటిజం అన్న పేరు ఆ రోజుల్లో, ఎనభై నాలుగులో, మాలో ఎవరూ వినలేదు. ఊరు మాత్రం పిచ్చోడని పేరు పెట్టడానికి ఆలస్యం చేయలేదు. వాడు లాగులోనే పోసుకునేవాడు. దొడ్డికి ఎవరి అరుగు దొరికితే ఆ అరుగే. పక్కింటి రాజన్న అరుగు మీద కూర్చున్న రోజు రాజన్న చెప్పు తీసుకుని కొట్టాడు. అప్పటినుంచి ముత్తవ్వ నాట్లకు పోయేటప్పుడు పాత చీరతో కొడుకును గుంజకు కట్టేసి పోయేది. అలా కట్టేసినందుకు మళ్ళీ తిట్టిందీ ఆ ఊరే.

"బడిల కూసోనియ్యిన్రి టీచరమ్మా. అచ్చరం ముక్క రాకున్నా మంచిదే. నేనొచ్చేదాంక కట్టు లేకుంట ఉంటడు," అని నా కాళ్ళావేళ్ళా పడింది.

పెద్దసారుకు చెప్పాను. "దొడ్డికి ఎక్కడ కూసోవాల్నో నేర్పియ్యుమను. అప్పుడు చూద్దాం," అన్నాడు. ఎలాగూ జరిగేది కాదని ధైర్యంగా అన్న మాట అది.

రెండేళ్ళు పట్టింది. అంబలి తాగిన కాసేపటికి వాడు కాలి వేళ్ళ మీద లేస్తాడని ముత్తవ్వ కనిపెట్టింది. లేవగానే చెంబు చేతిలో పెట్టి, ఇంటి వెనక తడిక చాటుకు తీసుకుపోయి, ఎదురుగా తానూ కూర్చునేది. అయ్యాక కడిగి, వాడు చాపిన అరచేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టేది. "ముత్తవ్వ చెంబు బడి వెట్టింది" అని బోరింగు దగ్గర ఒకటే నవ్వులు. నిజం చెప్పాలంటే మా బడిలో ఎవరమూ ఎవరికీ అంత ఓపికగా ఏదీ నేర్పలేదు. చివరికి చెంబు చేతికిస్తే చాలు, తడిక చాటుకు వాడే పోయేవాడు. తర్వాత తర్వాత, మేకుకు వేలాడే చెంబును తానే తీసుకునేవాడు.

ఆ జూన్‌లో పెద్దసారు, కళ్ళతో చూస్తే గాని నమ్మనని నన్ను వెంటబెట్టుకుని ముత్తవ్వ ఇంటికి వచ్చాడు. ఆమె ఎవరింటి నుంచో కుర్చీ తెచ్చి వేసింది. కాళ్ళకు నీళ్ళిచ్చి, చాయ పెట్టడానికి లోపలికి పోయింది. ఖాళీ చెంబు నా చేతిలో మిగిలింది. పిల్లవాడు గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. వీడికి మాట అర్థమవుతుందని పెద్దసారుకు చూపిద్దామని నాకు బుద్ధి పుట్టింది.

"బాలమల్లూ, ఇది అవ్వకిచ్చి రా," అని చెంబు వాడి చేతిలో పెట్టాను.

వాడు ఇంటి వెనక్కి నడిచాడు. "అటు గాదు, గిటు," అని భుజం పట్టి తిప్పాను. మళ్ళీ అటే పోయాడు. మళ్ళీ లాక్కొచ్చాను. పెద్దసారు చూస్తున్నాడు, నా పరువు పోతోంది. వాడు వేళ్ళ మీద లేచాడు. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు, వాడి చెయ్యి వదల్లేదు.

లాగు జార్చి, పెద్దసారు కుర్చీ ముందే కూర్చున్నాడు.

"గిదేనా రెండేండ్లు నేర్పింది?" ముక్కుకు రుమాలు పెట్టుకుని పెద్దసారు లేచాడు.

చాయ గ్లాసులతో వచ్చిన ముత్తవ్వ కొడుకునూ చెంబునూ చూసింది. "చెంబు ఎవరిచ్చిన్రు?" అంది.

నేనే ఇచ్చాను, పోతుంటే నేనే ఆపాను అంటే అయిపోయేది. కానీ ఎల్లారెడ్డికి బదిలీ కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి పెద్దసారు దగ్గరే ఉంది. నేనూ కొంగు ముక్కుకు పెట్టుకున్నాను.

బాలమల్లు లేచి తల్లి ముందు అరచెయ్యి చాపాడు. ముత్తవ్వ గ్లాసులు కింద పెట్టింది. వాడికి నీళ్ళు పోసి కడిగింది. లోపలికి పోయి, రోజూ ఇచ్చేదానికంటే పెద్ద ముక్క తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"చెంబు ఇస్తే కూసోవాలె అని నేనే నేర్పిన సారూ. నేర్పినట్టే చేసిండు," అంది.

ఆ మాట అంటున్నంతసేపూ నన్నే చూసింది. పెద్దసారు వెళ్ళిపోయాడు. ఆయన వెనకే నేనూ వెళ్ళాను.

నాట్లు మొదలయ్యాయి. ఆ దారిలో మళ్ళీ గుంజా, పాత చీరా. చెంబు మేకుకే ఉంది, వాడి చేతికి మాత్రం అందదు. నేను రోజూ అటు చూడకుండా నడిచాను.

ఆగస్టులో నా బదిలీ అయింది. ఆఖరి రోజు బస్సుకు పోతూ ఎందుకో తల తిప్పాను. కట్టేసిన చోటే, తడిసిన లాగుతో, బాలమల్లు నావైపు అరచెయ్యి చాపి నిలబడ్డాడు. నా సంచిలో బదిలీ కాగితం తప్ప ఏమీ లేదు.