సముద్రం అడుగున దొరికిన దేవుడు

"సముద్రం మీద తిరిగొచ్చినవ్, పసుపునీళ్లు పోసుకోకుండ గడప తొక్కకు" అంది ప్రమీలమ్మ, కోడలు ఇంకా చెప్పులు విప్పకముందే.

జ్ఞానేశ్వరి కాదనలేదు. గోవా నుంచి హైదరాబాదు దాకా రైలు, అక్కణ్నుంచి సిద్దిపేటకు బస్సు. ఒళ్లు పులిసిపోయి ఉంది. నెల పైన పరిశోధన ఓడ మీద ఉండి వచ్చిందేమో, ఇంటి అరుగు కూడా కాళ్ల కింద ఊగుతున్నట్టే ఉంది. నిజానికి ఆమె సరాసరి యూనివర్సిటీకి వెళ్లి, సంచిలో ఉన్నదాన్ని పరిశోధన చేయిస్తున్న సారు చేతిలో పెట్టాలి. కానీ మర్నాడు మామగారి తిథి. కోడలు లేకపోతే మడివంట ఎవరు చేస్తారని మొగుడు రాధాకిషన్ గోవాకు టెలిగ్రాం కొట్టాడు. ఓడ రేవులో ఆగగానే ఆమె చేతికి అందిన మొదటి కబురు అదే. సముద్రం ఎట్లా ఉంది, ఒంట్లో ఎట్లా ఉంది అని కాదు. వంట సంగతేమిటని.

ఆమె పెరట్లో తలస్నానం చేస్తుండగా, బట్టలు నానబెడదామని ప్రమీలమ్మ సంచి కుమ్మరించింది. చీరల మధ్య, తడి గుడ్డలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టిన మూట ఒకటి బయటపడింది. విప్పి చూస్తే పెద్ద ఉల్లిగడ్డంత నల్లటి గుండ్రాయి. పైన నున్నగా, అడుగున గరుకుగా ఉంది. తిథికి కావలసినవి చెప్పడానికి వచ్చి హాల్లో కూర్చున్న దత్తాత్రి పంతులు దాన్ని చూస్తూనే లేచి నిలబడి చేతులు జోడించాడు. సాక్షాత్తు సాలగ్రామం అన్నాడు. చక్రం పైకి కనబడకుండా గర్భంలో ఉన్న రకమట. సముద్రం ఇచ్చింది కనుక లక్ష్మి పుట్టింటి నుంచి వచ్చినట్టేనట. జ్ఞానేశ్వరి తలకు తువ్వాలు చుట్టుకుని లోపలికి వచ్చేసరికి రాయి పూజగదిలో వెండి పళ్లెంలో కూర్చుని ఉంది, నెత్తిన తులసిదళం కూడా పెట్టించుకుని. అది దేవుడు కాదు, నా పరీక్షకు తెచ్చిన రాయి అని ఆమె చెప్పబోతే పంతులు చెయ్యెత్తి ఆపాడు. "దగ్గరికి రావద్దమ్మా. సాలగ్రామాన్ని ఆడవాళ్లు ముట్టరాదు."

ఇంటినిండా చుట్టాలు. పొయ్యి మీద పప్పు. తిథి కానిచ్చాక తీసుకుంటాలే అనుకుంది జ్ఞానేశ్వరి. ఆడవాళ్ల అనుకోవడాలన్నీ ఇట్లాగే, ఇంకొకరి పని కానిచ్చాక మొదలవుతాయి.

రాధాకిషన్‌ది స్టీలు గిన్నెల దుకాణం. చెడ్డవాడని ఎవరూ అనలేరు. చెయ్యెత్తడు, తాగడు. పెళ్లినాటికి ఆమె రాళ్ల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి పరిశోధనలో చేరింది. వారమంతా హాస్టల్లో ఉండి శనివారం ఇంటికి వచ్చేది. ఆ మాట ఎక్కడ వచ్చినా అతను "నేను చదువుకోనిచ్చిన" అనేవాడు. విన్నవాళ్లు అతని మంచితనానికి మురిసిపోయేవాళ్లు. శనివారం సాయంత్రం బస్సు దిగి, వారం రోజుల మాసిన బట్టలు ఉతికి, పిండి విసిరించి, ఆదివారం రాత్రికి మళ్లీ బస్సెక్కే మనిషిని చూసి ఎవరూ మురిసిపోలేదు.

ఓడ మీదా అదే తంతు. ఉన్న ఆడవాళ్లు ఇద్దరే. మొదటిరోజే పెద్ద సైంటిస్టు నవ్వుతూ, అమ్మాయిలున్నారు కదా, వంటవాడికి కాస్త మన రుచులు నేర్పండి అన్నాడు. కెప్టెన్ దగ్గర్నుంచి డెక్కు కడిగేవాడి దాకా ఆమెను అడిగింది ఒక్కటే, మీ ఆయన ఎట్లా ఒప్పుకున్నాడని. అంతమంది మగవాళ్లలో ఒక్కణ్ని కూడా, నీ పెళ్లాం ఎట్లా ఒప్పుకుందని అడిగిన పాపాన పోలేదెవరూ. మొదటి వారమంతా వాంతులు. అయినా ఆమె ఆ ఓడను ప్రేమించింది. ఎందుకంటే అక్కడ పనికి వంతు ఉంది. డ్యూటీ గంటలు అయిపోగానే ఇంకొకరు వచ్చి పక్కన నిలబడి, అయిపోయింది, వెళ్లి పడుకోండి అనేవాళ్లు. తొలిసారి ఆ మాట విన్నప్పుడు ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బుద్ధెరిగినప్పటి నుంచి వంటింట్లో ఆమెతో కానీ, ఆమె తల్లితో కానీ, అత్తతో కానీ, నీ వంతు అయిపోయింది, ఇక పో అన్నవాళ్లు లేరు. మధ్యాహ్నం నడుం వాల్చితే కూడా దొంగతనం చేసినట్టు ఒక చెవి వాకిట్లో పెట్టి పడుకోవడమే వాళ్లకు తెలుసు.

ఆ రాయి కూడా వంతు అయిపోయాక దొరికిందే. తాడు లేని ఇనుప పంజాకు తేలే గాజు గోళాలు, వాటిని ముంచే బరువు కట్టి నీళ్లలోకి వదిలేస్తారు. అడుగు తగలగానే అది పిడికిలి మూసుకుని, బరువు విడిచేసి, తనంతట తానే పైకి తేలుతుంది. దానికున్న చిన్న జెండాను అలల్లో కనిపెట్టి ఓడను అటు తిప్పించాలి. ఆరోజు ఒక పంజా రాలేదు. పోయిందిలే అని అందరూ లోపలికి వెళ్లారు. జ్ఞానేశ్వరి మాత్రం కమ్మీ పట్టుకుని ఎండలో చూస్తూనే ఉండిపోయింది. చివరికి జెండాను పట్టింది ఆమె కళ్లే. పంజా పిడికిట్లో ఉన్నది ఈ ఒక్క రాయే. ఆ చోటు నుంచి మరొకటి దొరకలేదు కనుక దాన్ని ఆమె చేతికే ఇచ్చి పంపారు. కోసి, లోపలి పొరలు చూసి రాస్తే ఆమె థీసిస్ పూర్తవుతుంది, వచ్చే ఏడు ఓడకు ఆమె పేరు వెళుతుంది. రాయి లేకపోతే రెండూ లేవు.

తిథి అయింది. రాయి కదల్లేదు. ఎనభై తొమ్మిదిలో సిద్దిపేటలో సముద్రం చూసినవాళ్లే తక్కువ, అలాంటిది సముద్రం అడుగునుంచి దేవుడు వచ్చాడంటే ఆగుతారా? పొద్దున్నే జనం. రాధాకిషన్ తడిపంచెతో కూర్చుని పాలతో, నీళ్లతో అభిషేకం చేస్తాడు. ఇంట్లో, బజారులో అతని నడకే మారిపోయింది. ఆ రాయికి ఒంటినిండా సన్నటి రంధ్రాలు, పోసిన పాలన్నీ లోపలికి తాగుతుంది. కడిగిన ప్రతిసారీ కొంత నలుపు రాలి తీర్థంలో కలుస్తుంది. కృష్ణవర్ణం అంటూ అందరూ కళ్లకద్దుకుని తాగుతున్నారు. జ్ఞానేశ్వరికి ఒకవైపు నవ్వు, ఒకవైపు రాలేవి తను కోసి చూడవలసిన పొరలన్న దిగులు. ఆడవాళ్లు దేవుణ్ని ముట్టరాదు కానీ దేవుడి గిన్నెలు తోమవచ్చు, దేవుడికి పులిహోర కలపవచ్చు, దేవుణ్ని చూడవచ్చినవాళ్లకు ఛాయ్ పెట్టవచ్చు. మొగుడు పోయినప్పటి నుంచి ప్రమీలమ్మ పూజగది గడప బయటే కూర్చుంటుంది. సంచిలోంచి తీసిన ఆ కాసేపే దేవుడు ఆమె చేతిలో ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం, చింతపండు గింజలు తీస్తూ ప్రమీలమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"గా నీళ్లు ఎంత లోతుంటయి బిడ్డా?"

జ్ఞానేశ్వరికి ఆశ్చర్యమేసింది. ఓడ గురించి ఆ ఇంట్లో అడిగిన మొదటి మాట అది.

"హైదరాబాద్ రోడ్డు పట్టుకొని గంటసేపు నడిస్తే ఎంత దూరం పోతమో, గంత లోతు అత్తమ్మా."

"ఆడ ఎలుగుంటదా?"

"ఉండది. ఎండ గక్కడిదాక దిగది. గా చీకట్లనే పొర మీద పొర పేరుకుంటది. గోరంత పెరిగెతందుకు లక్షల ఏండ్లు వడ్తది."

ప్రమీలమ్మ ఒక చింతగింజను వేళ్ల మధ్య తిప్పింది. "ఎవ్వలు చూడకున్నా పెరుగుడు మానలేదన్నట్టు" అంది, మళ్లీ గింజల మీద పడుతూ.

శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర రాధాకిషన్‌కు గుర్తొచ్చింది. బుధవారం దుకాణానికి సారు ట్రంకాల్ చేశాడట. సోమవారం కోసే యంత్రం ఖాళీగా ఉంటుందట, ఆలోపు రాయి రాకపోతే ఆ భాగం వదిలేసి రిపోర్టు పంపిస్తారట. రెండు రోజులు చెప్పలేదేమని అడిగితే, గిరాకీలో పడి మరిచానన్నాడు. ఆమె ఆదివారం రాయి తీసుకుని వెళతానంది. అతను పెరుగు కలుపుకుంటూ నిజంగా జాలిపడ్డట్టే నవ్వాడు.

"గంత పెద్ద సముద్రంల ఇంకో రాయి దొర్కదా? కోమటిచెరువు కట్ట మీద నల్ల రాళ్లు మస్తున్నయి, ఒకటి తీస్కపోయి ఇయ్యి. ఊరంత మొక్కుతున్న దేవుణ్ని కోస్తనంటవా? నిన్ను చదువుకోనిచ్చుడే నాది తప్పైనట్టుంది."

ఆ రాత్రి ఆమె మనసులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. తను ఎండలో నిలబడి వెతికిన రాయి, తన పేరుతో రాయవలసిన రాయి, ఇప్పుడు రాధాకిషన్ సాలగ్రామం. పెళ్లయ్యాక తన చదువు కూడా రాధాకిషన్ మంచితనం అయిపోలేదా? తను ఏది తెచ్చినా ఈ ఇంటి గడప దాటగానే మరొకరిదవుతుంది. వాళ్లు ఎత్తుకుపోవడం లేదు, నెత్తిన పెట్టుకుని పూజిస్తున్నారు. అందుకే అడ్డం చెప్పడానికి నోరు రాలేదు ఇన్నాళ్లు. పోనీలే అనుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆదివారం రాత్రి బస్సెక్కదు, అంతే. మెల్లగా, ఇంట్లోవాళ్లు ఏ శనివారం కోసమూ ఎదురుచూడక్కర్లేని కోడలవుతుంది.

ఆదివారం పొద్దున్న పూజగది తుడవడానికి వెళ్లి చూస్తే రాయి మీద సన్నటి బీట. పాలకు తడిసి, ఎండి, మళ్లీ తడిసి, పగులుతోంది. నిన్ననే పంతులు దాన్ని చూసి దేవుడు కన్ను తెరుస్తున్నాడని చెప్పి వెళ్లాడట. ఇంకొక్క అభిషేకం జరిగితే పొరలన్నీ విడిపోతాయి. జ్ఞానేశ్వరి చీపురు గోడకు ఆనించింది. చేతులు కడుక్కుని వచ్చి, వంగి, పళ్లెంలోంచి రాయిని రెండు చేతులతో తీసుకుంది.

వెనక రాధాకిషన్ పాలచెంబుతో నిలబడి ఉన్నాడు.

"ఆడది ముట్టద్దని పంతులు చెప్పిండా లేదా?"

"చెప్పిండు."

"మరి?"

జ్ఞానేశ్వరి గొంతు పెంచలేదు. రాయిని గుడ్డలో చుడుతూనే చెప్పింది.

"సముద్రంలకెల్లి దీన్ని తీసింది నేను. సంచిలకెల్లి తీసింది అత్తమ్మ. ఇద్దరం ఆడోళ్లం ముట్టినంకనే గద ఇది దేవుడైంది. మేం ముట్టుడుతోని దీనికేం కాలే. మీరు కడుగుడుతోనే పలుగుతున్నది. నేను హైదరాబాద్ పోతున్న. పని అయినంక వస్త. మళ్ల ఓడ పిలిస్తే, దానికీ పోత."

పోనిస్తారా అని అడగలేదని ఆ మాటలు నోరు దాటాక కానీ ఆమెకే తెలియలేదు. రాధాకిషన్‌కు మాత్రం వెంటనే తెలిసింది. ముఖం ఎర్రబడింది. తల తిప్పి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి వంక చూశాడు, నువ్వన్నా చెప్పు అన్నట్టు.

ప్రమీలమ్మ కోడలి చేతిలోని మూటను చూసింది. ఖాళీ పళ్లాన్ని చూసింది. తర్వాత, ఇన్నేళ్లుగా బయటే కూర్చున్న ఆ గడపను దాటి లోపలికి వచ్చి, కొడుకు ముందు చెయ్యి చాపింది.

"గా పాలు గిటియ్యి రాధాకిషన్. తోడేస్తే మాపటికి పెరుగన్న అయితది."