నీళ్లకుండకు సెల్యూట్

దేవమణి కుర్చీ కింద కాళ్లు రెండూ మెలేసుకుని కూర్చుంది. విడదీస్తే వణుకు నలుగురికీ కనపడిపోతుందని భయం. ఒళ్లో అట్ట, అట్ట మీద చీటీల కట్ట, చేతిలో పెన్సిలు. పొద్దుటి నుంచీ ఆమె రాసిన చీటీల్లో రెంటి మీద చీఫ్ జడ్జి వీరరాఘవయ్యగారు ఎర్ర పెన్సిలుతో గీత కొట్టారు. మూడో గీత పడిందంటే ఇక చేసేదేం లేదు, సంచీ సర్దుకుని జగ్గయ్యపేట బస్సెక్కటమే.

డెబ్బై తొమ్మిదిలో, దసరా సెలవులకు వారం ముందు మాట ఇది. వచ్చే నెల బెజవాడలో జిల్లా జిమ్నాస్టిక్స్ పోటీలున్నాయి. ఆడేందుకు పిల్లలున్నారు గానీ మార్కులు వేసేవాళ్లు లేరు. డ్రిల్లు టీచర్లంతా రూల్సు పుస్తకం చదివినవాళ్లే, ఒక్కరూ జడ్జి కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. అందుకని, ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరైన వీరరాఘవయ్యగారు ఒక ఉపాయం ఆలోచించారు. జగ్గయ్యపేట ఆడపిల్లలకీ నందిగామ ఆడపిల్లలకీ సరదాగా ఒక టీము పోటీ పెట్టి, రెండూళ్ల డ్రిల్లు టీచర్లనీ జడ్జీలుగా కూర్చోబెట్టటం. పిల్లలకి ఆట, టీచర్లకి పరీక్ష. పేట నుంచి దేవమణీ జ్ఞానయ్య మాస్టారూ, నందిగామ నుంచి భవానీప్రసాద్ మాస్టారూ భారతీదేవీ, మొత్తం నలుగురు. ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. ప్రతిదానికీ వీరరాఘవయ్యగారు కూడా తన మార్కు వేసుకుంటారు. ఆయన మార్కుకి అర మార్కు కంటే ఎక్కువ దూరం పోతే ఎర్రగీత. మూడు గీతలు పడితే బెజవాడ లిస్టులో పేరుండదు, సర్టిఫికెట్టూ రాదు.

ఆ సర్టిఫికెట్టు దేవమణికి కావాలి. పేట గర్ల్స్ హైస్కూల్లో ఆమె మూడేళ్లుగా టెంపరరీ. ఏప్రిల్లో ఉద్యోగం ఊడుతుంది, జూన్లో ఎవరన్నా దయ తలిస్తే మళ్లీ వస్తుంది. "జడ్జి సర్టిఫికెట్టు పట్టుకురా దేవమణీ, నీ పేరు పర్మనెంటుకి పంపిస్తా," అని హెడ్‌మిస్ట్రెస్ నోరు తెరిచి చెప్పింది. అప్పట్నుంచీ నెల రోజులు దేవమణికి కనపడిన ప్రతిదానికీ మార్కులు వెయ్యటమే పని. వాళ్లమ్మ ఆరోగ్యమ్మ గంజి వారుస్తూ కాస్త తొణికిస్తే "పాయింటు మూడు కోత" అనేది. "నీ కోతలు తగలెయ్య, వచ్చి గిన్నె పట్టుకో," అనేది ఆరోగ్యమ్మ.

ఇంత చేసినా పొద్దున మొదటి గంటలోనే రెండు గీతలు పడ్డాయి. సన్నటి బీమ్ దూలం మీంచి జారిపడి ఏడుస్తూ మళ్లీ ఎక్కిన పిల్లకి ఎక్కువ వేసింది. దానికి గీత పడగానే బెదిరిపోయి, తర్వాతి పిల్లకి మరీ తక్కువ వేసింది. వీరరాఘవయ్యగారు రెండు చీటీలూ ఎదురుగా పట్టుకుని, "ఇందాక జాలిపడ్డావు, ఇప్పుడు భయపడ్డావు. ఆ పిల్లలు ఏం చేశారో ఈ రెంట్లో ఎక్కడా లేదమ్మా," అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది దేవమణికి.

పోటీ పెట్టింది నందిగామలో ఒక ఖాళీ మిరపకాయల గోడౌన్లో. సరుకు పోయి నెలలైనా ఘాటు గోడల్లోనే ఉంది. పిల్లలు పరిగెత్తినప్పుడల్లా దుమ్ము లేచి ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. మధ్యలో గుర్రం, అంటే తోలు తొడిగిన వాల్టింగ్ బల్ల. దాని ముందు స్ప్రింగ్‌బోర్డు, అవతల కొబ్బరిపీచు పరుపులు. గోడల వెంట రెండూళ్ల పిల్లలూ చేరి ఒకటే గోల.

"ఏమే పేట పిల్లా, గుర్రం దూకుతావా, కళ్లెం తెమ్మంటావా?"

"మీ నందిగామ వాళ్లు ముందు తుమ్మకుండా పరిగెత్తండే!"

సరదా పోటీ అని పెద్దవాళ్లు ఎంత చెప్పినా అది ఎప్పుడో పేటకీ నందిగామకీ పంతంగా మారింది.

గుర్రం మీద ఒక్కొక్కరికీ రెండు దూకుళ్లు. మొదటి దూకుడుకి చీటీలు వెళ్లాక, చీఫ్ జడ్జి పచ్చజెండా ఊపితేనే రెండోది. దూకబోయే ముందు చెయ్యెత్తి చీఫ్ జడ్జికి సెల్యూట్ చెయ్యాలి, దిగాక మళ్లీ చెయ్యాలి. ఈ సెల్యూట్ నుంచి ఆ సెల్యూట్ దాకా పిల్ల మీంచి జడ్జి చూపు తిప్పకూడదు. కుర్చీలోంచి లేవకూడదు. ఆడే పిల్లతో మాట్లాడకూడదు.

నందిగామ తరఫున కమలాకుమారి వచ్చింది. తొమ్మిదో తరగతి. సన్నగా రివటలా ఉంది, జడలు రెండూ మడిచి నెత్తిన కట్టుకుంది. భవానీప్రసాద్ మాస్టారు స్వయంగా నేర్పిన పిల్ల. సెల్యూట్ చేసి, పరిగెత్తి, బోర్డు మీద ధన్‌మని ఎగిరి, రెండు చేతులూ గుర్రం మీద ఆన్చి తలకిందులుగా లేచింది. లేచినప్పుడు మోచేతులు వంగాయి. నడినెత్తి గుర్రానికి తగిలింది. కొబ్బరికాయ అరుగుకి ఆనినంత చిన్న చప్పుడు. అయినా అట్లాగే తిరిగి అవతల పరుపు మీద రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి దిగింది. అంగుళం కదల్లేదు. నందిగామ పిల్లలు గోడౌను రేకులు లేచిపోయేట్టు చప్పట్లు కొట్టారు.

కమలాకుమారి నిటారుగా నిలబడి, చక్కగా చెయ్యెత్తి, చీఫ్ జడ్జికి వీపు పెట్టి, మూలనున్న మంచినీళ్ల కుండకు సెల్యూట్ చేసింది.

గోడౌనంతా గొల్లున నవ్వింది. "నీళ్లకి మొక్కుతోందే! దాహమేసినట్టుంది!" అని పేట వైపు నుంచి ఒక గొంతు. భవానీప్రసాద్ కూడా నవ్వాపుకుంటూ, "ఈ పిల్లకి అన్నిట్లో తొందరే," అన్నాడు.

దేవమణి నవ్వలేదు. చూపు పిల్ల మీదే ఉంది. సెల్యూట్ చేసేటప్పుడు ఆ మొహంలో తొందర లేదు. కుండ దగ్గర ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు, ఆయన తల ఊపేదాకా ఆగినట్టు, మర్యాదగా ఒక క్షణం నిలబడింది. తర్వాత పరుగు మొదలెట్టే గీత దగ్గరికి నడిచింది. నడుస్తూ ఎడమ చేత్తో గోడ తడుముకుంది. గీత దగ్గర నిలబడి గుర్రం వంక కొత్త వస్తువును చూసినట్టు చూసింది.

మార్కు కష్టమేమీ కాదు. ఈ రకం దూకుడుకి ఎక్కువలో ఎక్కువ ఎనిమిదిన్నర. అందులో తల తగిలినందుకు అర మార్కు, మోచేతులకు పాయింటు మూడు, సెల్యూట్‌కి పాయింటు రెండు కోత. ఏడున్నర. వీరరాఘవయ్యగారూ అదే వేస్తారు. ఆ ఏడున్నర రాసి మడిచి ఇచ్చేస్తే ఈ గండం గడుస్తుంది. కానీ ఇచ్చిన మరుక్షణం పచ్చజెండా లేస్తుంది, ఆ పిల్ల మళ్లీ పరిగెత్తుకొచ్చి అదే తలతో ఆ గుర్రం మీదికి లేస్తుంది.

ఏమీ లేదేమో. పిల్ల నిజంగానే కంగారుపడిందేమో. ఇందాకటి జాలే మళ్లీ వచ్చిందేమో, లేక భయమేమో. లేచి ఆపమని అరిస్తే? నందిగామ పిల్లని చెడగొట్టటానికి పేట టీచరు లేచిందంటారు. అరవకపోతే? అరవటానికి నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. అంతమంది ముందు, ఆయన ముందు, లేవటానికి ఒళ్లు సహకరించలేదు. ఆ సంగతి తల్చుకుని తర్వాత చాలా ఏళ్లు ఆమె సిగ్గుపడింది.

చేతిలో పెన్సిలుంది. పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది: ఒక జడ్జి మార్కు మిగతావాళ్లకి మరీ దూరంగా ఉంటే, చీఫ్ జడ్జి ఆట ఆపి అందర్నీ పిలవాలి.

దేవమణి సున్నా రాసింది. తొందరలో సున్నా చివర్లు కలవలేదు. కలపటానికి ఆగలేదు. మడిచి ఇచ్చేసింది.

చీటీలు అందుకునే లెక్కల టీచరు ప్రమీలారాణి నాలుగూ తీసుకుని తాపీగా నడుస్తోంది. వీరరాఘవయ్యగారి చెయ్యి అప్పటికే పచ్చజెండా మీద ఉంది. కమలాకుమారి గీత మీద ఒక కాలు వెనక్కి పెట్టింది. ఒక చీటీ విప్పారు. రెండోది విప్పారు. జెండా కాస్త లేచింది. మూడోది విప్పారు. జెండా బల్ల మీద పెట్టేశారు.

"నలుగురూ ఇటు రండి."

భవానీప్రసాద్ దేవమణి చీటీ చూసి భగ్గుమన్నాడు. "సున్నానా! గుర్రం దాటి రెండు కాళ్ల మీద నిలబడ్డ పిల్లకి సున్నానా! ఏమ్మా, మీ పేట పిల్లకైతే వేసేదానివేనా?"

జ్ఞానయ్య మాస్టారు దేవమణి చెవి దగ్గర, "ఏం చేసావమ్మా, ఇది మూడోది," అన్నాడు.

"కారణం చెప్పు," అన్నారు వీరరాఘవయ్యగారు.

"సెల్యూట్ అటు చేసిందండి."

"దానికి పాయింటు రెండు. ఇంకా?"

"తల తగిలిందండి."

"నేనూ చూశా. అర మార్కు. సున్నా ఎట్లా వచ్చింది?"

"ఆ పిల్లకి మనం ఎక్కడున్నామో తెలీటంలేదు సార్."

ఆయన కమలాకుమారిని పిలిచారు. పేరడిగారు. చెప్పింది. తరగతి అడిగారు. "నైన్త్ బీ సెక్షనండి." ఏం దూకుతావన్నారు. "హ్యాండ్‌స్ప్రింగండి." ఎక్కడా తడబడలేదు.

"విన్నారుగా!" అన్నాడు భవానీప్రసాద్.

"సరే, వెళ్లమ్మా," అన్నారు వీరరాఘవయ్యగారు.

పిల్ల వెనక్కి తిరిగింది. అప్పుడు దేవమణికి గొంతు వచ్చింది. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలీదు.

"కమలా! మొదటి దూకుడు ఎట్లా వచ్చిందమ్మా?"

కమలాకుమారి, ఈ టీచరు ఎగతాళి చేస్తోందా అన్నట్టు నవ్వింది. "ఇంకా దూకలేదుగా టీచర్గారూ. ఇప్పుడేగా నా పేరు పిలిచారు."

గోడ దగ్గర ఎవరో తుమ్మారు. భవానీప్రసాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మోకాళ్ల మీద కూర్చుని పిల్ల భుజాలు పట్టుకుని, "కూర్చో తల్లీ, కూర్చో," అన్నాడు. మళ్లీ లేచి దేవమణితో, "టీచర్గారూ, మీరు రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను సైకిలు మీద పోయి వాళ్ల నాన్నని తీసుకొస్తా," అన్నాడు. ఇందాకటి 'వేసేదానివేనా' ఏమైపోయిందో.

రిక్షా వచ్చేలోగా వీరరాఘవయ్యగారు ఎర్ర పెన్సిలు తీశారు. "దూకినదానికి సున్నా లేదమ్మా. ఏ పుస్తకంలోనూ లేదు."

"తెలుసండి."

"తెలిసే వేశావా?"

దేవమణి తలూపింది. ఆయన చీటీ మీద గీత కొట్టారు. "మూడు. బెజవాడ లిస్టులో నీ పేరు రాయలేను." భుజాన ఉన్న తువ్వాలు తీసి, ఆ మూలనున్న కుండలో నీళ్లతో తానే తడిపి తెచ్చి ఆమె చేతికిచ్చారు. "తల కదలనియ్యకు. జాగ్రత్త."

రిక్షా మెయిన్‌రోడ్డెక్కింది. హైదరాబాదు లారీలు హారన్లు కొడుతూ దూసుకుపోతున్నాయి. కమలాకుమారి తల దేవమణి భుజం మీద ఉంది.

"నేనెప్పుడు దూకాలి టీచర్గారూ?"

"ఇంకా నీ వంతు రాలేదమ్మా."

రెండు సందులు దాటారో లేదో, "నేనెప్పుడు దూకాలి టీచర్గారూ?" అదే గొంతు, అదే మర్యాద. మొదటిసారి అడుగుతున్నట్టే. దేవమణి తడి తువ్వాలు పిల్ల నెత్తిన సర్దింది. ఎండ నెత్తి మీద మాడుతోంది. మూడోసారి అడిగి, రిక్షాలోనే దేవమణి చీర మీద కక్కుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల కళ్లలోకి లైటు వేసి చూశాడు. "నిద్రపోతే లేపుతూ ఉండండి. సాయంత్రం దాకా చూద్దాం. ఇట్లాగే ఉంటే బెజవాడ పంపాలి."

తండ్రి రత్తయ్య పొలంలోంచి అట్లాగే వచ్చాడు, పిక్కల దాకా బురద. ఏమైందని కూడా అడగలేదు. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. భవానీప్రసాద్ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. దేవమణి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పిల్లను లేపుతూ, అడిగిందానికి జవాబు చెబుతూ, ఎన్నిసార్లు అడిగిందో లెక్కపెడుతోంది. తొమ్మిది. పది. పదకొండు. పదకొండు తర్వాత చాలాసేపు అడగలేదు. అడిగినప్పటి కంటే అడగనప్పుడే ఎక్కువ భయమేసింది. వంగి ఊపిరి చూసింది. ఆడుతోంది. "కమలా," అని కుదిపింది.

పిల్ల కళ్లు తెరిచింది. ఈసారి ఆ కళ్లు దేవమణి మొహం మీద ఆగాయి.

"మీరు పేట టీచరు కదండీ?"

"అవునమ్మా."

"నాకెంత వేశారు?"

దేవమణి ఇంకాస్త దగ్గరికి వంగింది. "దేనికి?"

"ఇందాకటిదానికి. తల తగిలిందిలెండి, తెలుసు. దిగినప్పుడు మాత్రం కాళ్లు అస్సలు కదల్లేదు."

"కదల్లేదమ్మా," అంది దేవమణి. అబద్ధం చెప్పొచ్చు. ఏడున్నర అనొచ్చు. "సున్నా వేశా."

"సున్నానా!" లేవబోయిన పిల్లని దేవమణి రెండు చేతులా ఆపింది. "మా మాస్టారు ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. చాలా గొడవ చేశారు."

"చెయ్యరా మరి!" కమలాకుమారి మూతి ముడిచి గోడ వైపు తిరిగి పడుకుంది.

రత్తయ్య గుమ్మంలోంచి లేచాడు. "ఏమంటోందమ్మా?"

"అలిగిందండీ. మార్కు తగ్గించానని."

"అలిగిందా?" అన్నాడు రత్తయ్య. ఇంకోసారి, "అలిగిందా!" అని, డాక్టరు కోసం వరండాలోకి పరుగెత్తాడు.

దేవమణి ఆ సన్నటి వీపు మీద చెయ్యి వేసి, మళ్లీ ఆ మాట అడుగుతుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చుంది. డాక్టరు వచ్చేదాకా అడగలేదు.